సుక్కమ్మ వెనక ఇంకో సుక్కమ్మ

ఆ ఆదివారం పొద్దున మహేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ లోపు తల్లి చేత రెండు పాటలు పాడించి రికార్డు చేయాలి. టిఫిన్ అయ్యాక ఇంకో రెండు. ఆ తరువాత కడుపునిండా తిని పడుకోవాలి. మర్నాడు తల్లి సుక్కమ్మను థైరాయిడ్ ఆపరేషన్‌కి దవాఖానలో చేర్పించాల్సి ఉంది.

భయపడాల్సిందేమీ లేదని డాక్టర్ చెప్పాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వీళ్ళు లేచి తలుపు దాకా వచ్చాక, "గొంతు నరం పక్కనే కాబట్టి, ఎక్కడో ఒకరిద్దరికి గొంతు కాస్త మారుతుంది" అని కూడా అన్నాడు. సుక్కమ్మ ఆ మాట పట్టించుకోలేదు. మహేశ్వర్‌కి మాత్రం ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే సుక్కమ్మ గొంతు సామాన్యమైన గొంతు కాదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు చేపలను గంపలో పెట్టుకుని ఆమె ఒక వీధిలో కేక వేస్తే, పక్క వీధిలో గిన్నెలు బయటికి వచ్చేవి. పెళ్ళిళ్ళలో అప్పగింతల పాట ఆమె పాడాల్సిందే. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు కూడా ఏడ్చేవాళ్ళు. ఒక పెళ్ళిలో వీడియో తీసేవాడే కెమెరా కింద పెట్టి ముక్కు చీదుకున్నాడు. ఇంత చేసినా ఆ గొంతు ఎక్కడా మిగల్లేదు. ఏ పెళ్ళి వీడియో చూసినా సుక్కమ్మ పెదాలు కదులుతూ ఉంటాయి, పైన వినిపించేది మాత్రం ఏదో సినిమా పాట.

అందుకే మహేశ్వర్ ఒక మంచి మైకూ, దాన్ని తన ల్యాప్‌టాప్ కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే ఎర్ర డబ్బా కొన్నాడు. అతను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. డబ్బా గుచ్చితే పని అయిపోతుందని అతని ధీమా.

పడకగది కిటికీలకు బొంతలు వేలాడదీశాడు. ఫ్యాన్ ఆపాడు. ఫ్రిజ్ ఆపాడు. వీధి తలుపుకి గడియ పెట్టి, కాలింగ్ బెల్ వైరు పీకేశాడు. ఆ తరువాత వంటింట్లోకి వచ్చి, ఈ పూట కుక్కర్ కూయకూడదనీ, మిక్సీ తిరగకూడదనీ భార్య ఉమారాణికి చెప్పాడు.

"మరి పల్లి చట్నీ ఎట్ల చెయ్యాలె?" అంది ఉమారాణి.

"రోట్ల నూరు."

"రోలు సప్పుడు చెయ్యదా?"

మహేశ్వర్ రోలు వైపు చూశాడు. "ఇయ్యాల చట్నీ వద్దు," అన్నాడు.

సుక్కమ్మ తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, మైకు ముందు స్టూలు మీద కూర్చుంది. కొడుకు ఆమె కొప్పు మీదుగా హెడ్‌ఫోన్ తొడిగాడు.

"చెవులకు గీ గిన్నెలెందుకురా?"

"నీ గొంతు నీకు ఇనపడాలె గదమ్మా."

"ఇన్నేండ్ల సంది ఇనపడకుంటనే పాడిన్నా?" అంటూనే ఆమె సర్దుకుని కూర్చుంది. మహేశ్వర్ ఎర్ర బటన్ నొక్కి చేయి ఊపాడు. సుక్కమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది:

"గట్టు దాటి పోతున్నవ్ ఓ బిడ్డ నా బిడ్డ..."

ఒక్క వరుస పాడి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. అక్కడ బీరువా తప్ప ఎవరూ లేరు.

"ఏమైందమ్మా?"

"ఎవరో ఎనుక నుంచి అందుకుంటుండ్రు. ఆమెదైనంక నేను పాడుత."

"ఎవరు లేరమ్మా. గా గొంతు నీదే."

"నేనైతె గట్ల సాగదీస్తనా? ఎవరో ముసలామె," అంది సుక్కమ్మ ఖచ్చితంగా.

మహేశ్వర్ హెడ్‌ఫోన్ తన చెవులకు పెట్టుకుని "హలో" అన్నాడు. కాస్త ఆగి చెవిలో ఇంకో మహేశ్వర్ "హలో" అన్నాడు. సంగతి అర్థమైంది. గొంతు మైకులోంచి డబ్బాలోకి, డబ్బాలోంచి కంప్యూటర్‌లోకి వెళ్ళి, అక్కడ లెక్కలన్నీ తేలాక మళ్ళీ చెవికి చేరేసరికి ఆలస్యమవుతోంది. దీన్నే లేటెన్సీ అంటారు. మామూలు మనిషికి అది రెప్పపాటు. పాడే మనిషికి అది అడ్డం నిలబడ్డ గోడ. చెవిలో గొంతు పూర్తవ్వాలని సుక్కమ్మ ఆగుతుంది. ఆమె ఆగిందని చెవిలో గొంతూ ఆగుతుంది. ఇరుకు గుమ్మం దగ్గర ఇద్దరు మర్యాదస్తులు ఎదురుపడ్డట్టు, మీరంటే మీరని, పాట అక్కడే నిలబడిపోయింది.

"భూలచ్చిమి గూడ గిట్లనే ఎనకనుంచి అందుకునేది," అని సుక్కమ్మ గొణిగింది. అని, అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు మూతి ముడుచుకుంది.

భూలక్ష్మి ఆమె చెల్లెలు. హయత్‌నగర్‌లో ఉంటుంది. ఎప్పుడూ అక్క ఒక వరుస చెబితే చెల్లెలు రెండో వరుస అందుకునేది. ఒక పెళ్ళిలో మాత్రం అక్క నీళ్ళు తాగి వచ్చేలోపు చెల్లెలే మొదటి వరుస ఎత్తుకుంది. "నేనింక సచ్చిపోలే" అని సుక్కమ్మ అందరి ముందూ అంది. "నువ్వు సచ్చినా నీ ఇంటి గడప తొక్క" అని భూలక్ష్మి అంది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో ఎంతమంది సర్ది చెప్పినా గొడవ పెరిగిందే తప్ప తగ్గలేదు.

మహేశ్వర్ అందరిలాగే ముందు ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. వైరు తీసి మళ్ళీ గుచ్చాడు. సుక్కమ్మ మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగి వెనక్కి చూసింది. ఫ్యాన్ లేని గదిలో ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"డ్రైవర్ సరిగ్గ లేదమ్మా. కొత్త డ్రైవర్ రావాలె."

"డ్రైవరెందుకురా? రేపు బస్సుల పోదాం."

"గా డ్రైవర్ కాదు. డబ్బాకు, కంప్యూటర్‌కు నడుమ మాట్లాడేటి సాఫ్ట్‌వేర్."

"నడుమ మనిషా?" సుక్కమ్మ నిట్టూర్చింది. "గందుకే ఆలస్యం."

ఇక లాభం లేదని మహేశ్వర్ వంటింట్లోకి వెళ్ళి బామ్మర్దికి ఫోన్ చేశాడు. ఉమారాణి తమ్ముడు రత్నాకర్‌కి బడంగ్‌పేట్‌లో మైకుసెట్ల వ్యాపారం ఉంది.

"గొంతు లేట్ వస్తుందా బావ?" అన్నాడు రత్నాకర్. "కంపెనీవాళ్ళ డ్రైవర్ ఏసుకున్నవా, విండోస్‌ల ఉన్నదాంతోనే నడిపిస్తున్నవా?"

"దాంతోనే."

"గది పనిచెయ్యది. కంపెనీది డౌన్‌లోడ్ చేస్కో. ఇప్పుడు నేను ఫంక్షన్ హాల్ల సెట్ కడుతున్న. పాడింది జర నాకు పంపు, ఇని చెప్త. ఏం కాకుంటె నా బాక్స్ తెస్త. ఇంకోటి, రికార్డింగప్పుడు ఇంట్ల ఫోన్లన్ని బందు పెట్టు. లేకుంటె టిక్కుటిక్కుమని సప్పుడొస్తది."

రత్నాకర్ చెప్పింది చెప్పినట్టు మహేశ్వర్ చేశాడు. నత్తనడకన సాగిన అప్పగింతల పాటను ఫోన్‌లోకి ఎక్కించాడు. వాట్సాప్ తెరిస్తే అన్నింటికంటే పైన రత్నాకర్ పేరే ఉంది, పక్కన "శుభోదయం" అని కూడా ఉంది. దాని మీద నొక్కి పాట పెట్టాడు. చెమట వేళ్ళతో దాని కింద ఇలా రాశాడు: "అమ్మ లేట్. పొద్దటి సంది అన్ని చేసి చూసిన. లాభం లేదు. నువ్వు బాక్స్ పట్టుకొని జల్ది రా."

తరువాత కంపెనీ డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకుని, తన ఫోనూ, భార్య ఫోనూ, తల్లి చిన్న ఫోనూ మూడూ ఆపేసి బియ్యం డబ్బా మీద పెట్టాడు.

అతను నొక్కింది రత్నాకర్ పేరు మీద కాదు. "మన ఇంటోళ్ళు" అనే గ్రూపు మీద. ఆ పొద్దున అందులో చివరగా శుభోదయం పెట్టింది రత్నాకర్ కావడంతో ఆ పేరు అక్కడ కనిపించింది. హయత్‌నగర్ నుంచి మీర్‌పేట్ దాకా చుట్టాలందరూ ఉన్న గ్రూపు అది.

ఆ తరువాత జరిగింది మహేశ్వర్‌కి అప్పుడు తెలియదు. అందరి ఫోన్లూ చూసి ఒక్కొక్కటే పేర్చుకుంటే తెలిసిన సంగతి ఇది. సందేశం మొదట చూసినవాడు రెండు వీధుల అవతల ఉండే యాదయ్య. మహేశ్వర్ తండ్రికి తమ్ముడి వరస. పెళ్ళి కార్డుల మీదా, సంతాపం ఫ్లెక్సీల మీదా పేరు ముందు "లేట్" అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. సుక్కమ్మకు ఆపరేషన్ ఉందనీ తెలుసు. పాట నొక్కితే, ఆగి ఆగి, ఊపిరి అందనట్టు, "గట్టు దాటి పోతున్నవ్..." అని వదినె గొంతు. యాదయ్య మంచం మీద కూలబడ్డాడు. "అయ్యో వదినె, నీ పాట నువ్వే పాడుకొని పోతివా!" అని ఏడుస్తూ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

దాని కింద దండాలు మొదలయ్యాయి. ఓం శాంతులు వచ్చాయి. కొవ్వొత్తుల బొమ్మలు, పూల బొమ్మలు వచ్చాయి. ఫంక్షన్ హాల్లో స్పీకర్ కట్టి దిగిన రత్నాకర్ ఫోన్ తీసి కింద నుంచి చూశాడు, అంటే దండాల నుంచి. పైన ఏముందో చూసే ఓపిక లేకపోయింది. "గింతకు ముందె బావతోని ఫోన్ల మాట్లాడిన. ఎనుక అత్తమ్మ దగ్గుడు గూడ ఇనపడ్డది. గింతట్లనే గిట్లైతదనుకోలే" అని రాశాడు. అంతవరకూ అక్కడక్కడా అనుమానం ఉన్నవాళ్ళకు ఇక అనుమానం లేకుండా పోయింది.

మహేశ్వర్‌కి ఫోన్ చేస్తే ఆఫ్. ఉమారాణికి చేస్తే ఆఫ్. యాదయ్య ఇంటి ముందుకు వచ్చి చూస్తే తలుపులు మూసి ఉన్నాయి, బెల్ నొక్కితే పలుకు లేదు, కిటికీలకు బొంతలు. "దవాఖాన నుంచి ఇంక తేలేదు," అని ఆయన తేల్చేశాడు. "వాళ్ళొచ్చేటాళ్ళకు మనం అన్ని చేసి పెట్టాలె." వీధిలో టెంటు లేచింది. కుర్చీలు వచ్చాయి. బాక్స్ అంటే ఏ బాక్సో యాదయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రత్నాకర్ బడంగ్‌పేట్ నుంచి తేవాలంటే ఎప్పటికో అని, శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు కోసం ఊళ్ళోనే ఫోన్ చేశాడు.

లోపల కంపెనీ డ్రైవర్ ఎక్కింది. కంప్యూటర్ ఒకసారి ఆపి ఆన్ చేయమంది. చేస్తే, ఇదే అదనుగా అది ఏవో అప్‌డేట్లు మొదలుపెట్టి, తెర మీద చుక్కలు గుండ్రంగా తిప్పుతూ, ఆపవద్దని హెచ్చరించింది. తల్లీ కొడుకులు ఆ చుక్కలు చూస్తూ కూర్చున్నారు. ఉమారాణి చట్నీ లేని ఇడ్లీలు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. నెయ్యి, చక్కెర వేసుకుని తిన్నారు.

అప్‌డేట్లు అయ్యాక మహేశ్వర్ బఫర్ సంగతి చూశాడు. దాన్ని తల్లికి గంపలతో చెప్పాడు. "కంప్యూటర్ నీ గొంతును గంపల నింపుకొని మోస్తదమ్మా. గంప పెద్దదైతె నిండెదాక ఆగుతది, గందుకే లేట్. మస్తు చిన్నదైతె ఉరుకలేక నడుమ ఒలకబోస్తది."

"చిన్న గంపనే మంచిది," అంది సుక్కమ్మ. "చాపలు గూడ నలగయి."

గంప బాగా చిన్నది చేస్తే హెడ్‌ఫోన్‌లో పోపు వేసినట్టు చిటపటలు వినిపించాయి. కొంచెం పెంచాడు. చిటపటలు పోయాయి. సుక్కమ్మ చిన్నగా రాగం తీసింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ముఖం విచ్చుకుంది.

"ముసలామె పోయిందిర!"

మహేశ్వర్ సంతోషంతో ఎర్ర బటన్ నొక్కాడు. సుక్కమ్మ కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. ఈసారి ఎక్కడా ఆగలేదు. గట్టు దాటింది, గడపకు మొక్కింది, తల్లిగారి కోడిపుంజుకు కూడా చెప్పి వెళ్ళమని బిడ్డకు చెప్పింది. తెర మీద ఆమె గొంతు పచ్చటి అలలుగా లేస్తూ పడుతూ వెళుతోంది. చిన్నప్పుడు చేపల గంప పక్కన కూర్చుని వింటూ నిద్రపోయిన గొంతు అది. మహేశ్వర్ కళ్ళు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సుక్కమ్మ కళ్ళు తెరిచింది. "మళ్ళ వచ్చిందిర ముసలామె. ఈసారి మస్తు ఎనుకకున్నది."

మహేశ్వర్ హెడ్‌ఫోన్ అందుకుని విన్నాడు. నిజమే. తల్లి నోరు మూసుకుని ఎదురుగా కూర్చుని ఉంది. చెవిలో మాత్రం దూరంగా, సన్నగా, "గట్టు దాటి పోతున్నవ్..." అని వినిపిస్తోంది. ఇందాక సగం వరుస లేట్ ఉండేది. ఇప్పుడు పాట మొత్తం లేట్! అతను వింటుండగానే పక్క నుంచి మూడో సుక్కమ్మ ఎత్తుకుంది. ఆమె వెనక నాలుగో సుక్కమ్మ.

బయట టెంటు కింద చేరినవాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఫోన్లలో సుక్కమ్మ ఆఖరి పాట పెట్టుకుని వింటున్నారు. లోపల ఆమె పాడింది సన్నగా వినిపించినా, అదీ ఎవరి ఫోన్లోదో అనుకున్నారు. బొంతలు మనిషి చెవిని మోసం చేశాయి గానీ, కొత్త మైకును మోసం చేయలేకపోయాయి.

మహేశ్వర్ గంప సైజు మార్చాడు. సుక్కమ్మలు తగ్గలేదు. ఇంకా మార్చాడు. ఏడుపు మొదలైంది. ఒకరిది కాదు, పదిమందిది.

"గీ డ్రైవర్ల ఎవరో ఏడుస్తుండ్రు," అన్నాడు మహేశ్వర్. కాలేజీలో ఇన్నేళ్ళుగా ఎన్నో రకాల లోపాలు చూశాడు. ఏడ్చే లోపాన్ని ఎక్కడా చూడలేదు. "దీన్ని తీసేసి పాత డ్రైవర్ ఏస్తనే."

వంటింటి వెనక తలుపు ఎవరో తట్టారు. ఉమారాణి తీసింది. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు.

"ముందు తలుపు తీస్తలేరక్కా. డ్రైవర్‌ను. బాక్స్ తెచ్చిన. ఎక్కడ దించాలె?"

రత్నాకర్ బాక్స్ పంపించాడనుకుని ఉమారాణి సంతోషించింది. పడకగది వైపు తిరిగి చిన్నగా కేక వేసింది. "ఇగో! డ్రైవర్ వచ్చిండు!"

"ఇప్పుడే తీసేద్దామనుకుంటున్న!" అని లోపల నుంచి మహేశ్వర్ అరిచాడు. "ఏడుస్తుంది గది!"

డ్రైవర్ ఆ మాట విని తలవంచుకున్నాడు. "పెద్ద పాణం గదన్నా, ఏడ్పు రాదా," అన్నాడు మెల్లగా. "బాక్స్ కరెంటు బోర్డుకాడ దించుతే మంచిగుంటది. ఫ్రీజరు గద."

"ఫ్రీజరా?" అంది ఉమారాణి. "పాటకు ఫ్రీజరెందుకు?"

ఆమె ఇంటి పక్క సందులోంచి వీధిలోకి తొంగి చూసింది. టెంటు చూసింది. దండలు చూసింది. ఎవరికో ఏదో అయిందనుకుని గోడ పట్టుకుని నిలబడింది.

ఇటు గదిలో సుక్కమ్మ కొడుకు చేతిలోంచి హెడ్‌ఫోన్ లాక్కుని మళ్ళీ చెవులకు పెట్టుకుంది. కాసేపు కదలకుండా విన్నది. ఆమె ముఖం మారింది.

"గిది డ్రైవర్ కాదుర. మా భూలచ్చిమి ఏడుపు. ఏడ్చేటప్పుడు గట్లనే ఊపిరి గుంజి ముక్కుతోని ఉహు అంటది. చిన్నప్పటి సంది గంతే."

"చిన్నమ్మ హయత్‌నగర్ల ఉంటది గదనే. హెడ్‌ఫోన్ల ఎందుకుంటది?"

సుక్కమ్మ హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పడేసి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళి వీధి తలుపు గడియ తీసింది.

అరుగు స్తంభాన్ని కావలించుకుని, తల దానికేసి కొట్టుకుంటూ భూలక్ష్మి ఏడుస్తోంది. అవతల వీధి నిండా జనం తలలు వంచుకుని ఉన్నారు. సుక్కమ్మ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎందుకేడుస్తున్నవే? ఎవరు పోయిండ్రు?"

"మా అక్క పోయిందమ్మా," అంది భూలక్ష్మి తల ఎత్తకుండానే. "ఒక్క మాట మాట్లాడకుంటనే పోయింది."

"ఏ అక్కనే? నీకున్నదే ఒక్క అక్క."

భూలక్ష్మి తల ఎత్తింది. ముందు వరుస కుర్చీలోని ఒకాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అప్పుడే వచ్చి బండి దిగుతున్న రత్నాకర్ మళ్ళీ బండెక్కాడు. భూలక్ష్మి మాత్రం పారిపోలేదు. నోరు తెరిచి చూసి, చూసి, చేతిలో ఉన్న బంతిపూల దండ తీసుకుని అక్క వీపు మీద టపటపా బాదడం మొదలుపెట్టింది.

"సచ్చిపోయిన్నని చెప్పి పిలిపిస్తవా! గుండె ఆగినంత పనైంది! గిట్ల పిలుస్తరానే మనిషిని!"

"నేనెప్పుడు సచ్చిన్నే?" అంటూనే సుక్కమ్మ చెల్లెలిని రెండు చేతులా పట్టుకుంది. పూలు రాలిపోయి దారం మాత్రం మిగిలే దాకా భూలక్ష్మి కొట్టింది. ఆ తరువాత అక్క మెడ మీద వాలిపోయి, ఈసారి ఇంకా గట్టిగా ఏడ్చింది.

మహేశ్వర్ తలుపులో నిలబడ్డాడు. అందరి కళ్ళూ అతని మీద పడ్డాయి. యాదయ్య ఫోన్ తీసి అతని ముఖం ముందు పెట్టాడు.

"అమ్మ లేట్ అని రాసినవా లేదా? లాభం లేదు అని రాసినవా లేదా? బాక్స్ తెమ్మన్నవా లేదా?"

మహేశ్వర్ చదువుకున్నాడు. రాసింది తనే. ఒక్క అక్షరం తప్పు లేదు. "కాకా, గది లేటెన్సీ," అని మొదలుపెట్టాడు. "గొంతు మైకుల పోయి, డబ్బాల మారి, కంప్యూటర్ల బఫర్ నిండి, మళ్ళ చెవికి వచ్చేటాళ్ళకు..."

అతను పాఠం చెప్పినట్టు అంతా చెప్పాడు. వాళ్ళు చివరి బెంచీ పిల్లల్లా అంతా విన్నారు. చివరికి యాదయ్య అడిగాడు.

"అంటే ఆలస్యమైతుందనా?"

"అవ్ కాకా."

"మరి ఆలస్యం అని రాయొచ్చు గదర! తెలుగే గద!"

మహేశ్వర్‌ను జనంలో ముందు ఒకరు, ఆ తరువాత పదిమంది తిట్టడం మొదలుపెట్టారు. పొలం పని ఆపుకుని వచ్చామన్నారు, పొద్దటి సంది పచ్చి మంచినీళ్ళు ముట్టలేదన్నారు. అతను తలవంచుకుని అందరికీ దండం పెడుతూ పోయాడు. సిగ్గుతో కంటే భయంతో అతనికి ఏడుపు వచ్చింది. ఆ నాలుగు మాటలూ ఒకసారి నిజమైతే ఎలా ఉండేదో, అతను ఆ టెంటు కింద కళ్ళారా చూస్తున్నాడు.

సుక్కమ్మకు కొడుకు ముఖం చూస్తే సంగతి అర్థమైంది. "ఇగ ఊకోండ్రి," అంది జనంతో. "నా గొంతు పోతదేమోనని పోరడు భయపడ్డడు. గదే వాని తప్పు. ఎట్లాగు వచ్చిండ్రు, ఏడ్సుడు గూడ అయిపోయింది. కూసోండ్రి, పాట ఇని పోండ్రి. ఉమా, కుక్కర్ పెట్టు బిడ్డా. పెద్దది."

ఉమారాణి పొద్దుటి నుంచి ఆపుకున్న మిక్సీని కూడా కసిదీరా తిప్పింది.

మహేశ్వర్ లోపలికి పరుగెత్తి, మైకూ డబ్బా కంప్యూటర్ వైర్లతో సహా మోసుకొచ్చి అరుగు మీద పెట్టాడు. హెడ్‌ఫోన్ తేలేదు. అడిగినా సుక్కమ్మ పెట్టుకునేది కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మహేశ్వర్ ఎర్ర బటన్ నొక్కి, తల్లి ముఖం చూస్తూ చేయి ఊపాడు.

"గట్టు దాటి పోతున్నవ్ ఓ బిడ్డ నా బిడ్డ," అని సుక్కమ్మ ఎత్తుకుంది.

"గడపకు మొక్కి పో ఓ బిడ్డ నా బిడ్డ," అని భూలక్ష్మి అందుకుంది. వెంట్రుకంత సందు కూడా లేదు. ఒకరి ఊపిరి ఎక్కడ అయిపోతుందో ఇంకొకరికి ముందే తెలిసినట్టు, పాట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతూ వచ్చింది. అంతకుముందు ఏడ్చినవాళ్ళే మళ్ళీ ఏడ్చారు. ఫ్రీజర్ వ్యాన్ డ్రైవర్ బండి ఎక్కబోయి ఆగిపోయాడు. రత్నాకర్ దూరంగా నిలబడి, ఇక దగ్గరికి వచ్చినా ప్రమాదం లేదని నిర్ధారించుకుని, దగ్గరికి వచ్చాడు. వీధిలో ఎన్ని చేతులున్నాయో అన్ని ఫోన్లు పైకి లేచాయి.

అన్నాలు తిని జనం వెళ్ళిపోయాక మహేశ్వర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అరుగు మీది పాట అందులో లేదు. ఎంత వెతికినా లేదు. రికార్డింగ్ మొదలుపెట్టడానికీ, ఆపడానికీ ఆ ఎర్ర బటన్ ఒక్కటే. పొద్దున గదిలో నొక్కిన రికార్డింగ్‌ను గాభరాలో అతను ఆపనే లేదు. అరుగు మీద మొదలుపెట్టానని నొక్కినప్పుడు నిజానికి ఆపాడు. అక్కాచెల్లెళ్ళు పాడినంతసేపూ ఆ ఖరీదైన మైకు ఊరికే చూస్తూ కూర్చుంది. అందులో ఉన్నదల్లా సుక్కమ్మ ఒక్కతే పాడిన పాట, ఆమె వెనక ముగ్గురు సుక్కమ్మలు, పదిమంది ఏడుపు, బంతిపూల దెబ్బలు, యాదయ్య తిట్లు. అన్నీ చాలా స్పష్టంగా, ఒక్క చిటపట లేకుండా.

అతను తల పట్టుకున్నాడు. అంతలో ఆన్ చేసిన ఫోన్ మోగడం మొదలుపెట్టింది. గ్రూపులోకి అక్కాచెల్లెళ్ళ పాట ఒకదాని తరువాత ఒకటి వస్తోంది. అందరికంటే బాగా తీసింది యాదయ్య. మధ్యలో ఒకచోట ఆయనే ముక్కు చీదిన చప్పుడు తప్ప ఏ లోపమూ లేదు. ఏ డ్రైవరూ అవసరం లేకుండా దొరికిన పాట అది. మహేశ్వర్ దాన్ని మూడుచోట్ల దాచి, "కాకా, మాఫ్ చెయ్యి" అని రాశాడు. పంపే ముందు ఎవరికి పంపుతున్నాడో పైకి చదువుకున్నాడు.

ఆ డబ్బా మీద ఒక చిన్న మీట ఉందనీ, దాన్ని పక్కకి జరిపితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుందనీ, అప్పుడు ఏ ఆలస్యమూ ఉండదనీ అతనికి వారం తరువాత తెలిసింది. ఆ సంగతి అతను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెలకువ రాగానే డాక్టర్ "ఆ" అనమంటే సుక్కమ్మ అంది. పక్క వార్డులో ఒకామె ఉలిక్కిపడి లేచింది. గొంతుకేమీ కాలేదన్నాడు డాక్టర్. అక్కను చూసుకోవడానికి భూలక్ష్మి సంచి సర్దుకుని ఇబ్రహీంపట్నం వచ్చేసింది. వచ్చిన రోజే వంటింట్లో డబ్బాలన్నీ తన ఇష్టం వచ్చినట్టు మార్చి పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ, ఆ రోజు అరుగు మీద పాట నిలబడిందంటే రెండో వరుస వల్లేనని, అక్క మంచం పక్కనే కూర్చుని వివరంగా చెబుతూ వచ్చింది. సుక్కమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసేది. కొన్నాళ్ళు నోరు విప్పవద్దని డాక్టర్ గట్టిగా చెప్పడంతో, అక్కాచెల్లెళ్ళ రెండో గొడవ అప్పటిదాకా వాయిదా పడింది.